వాక్యం బోర్డు వెనక రంగు

అమలాపురంలో ఒక రంగుల కొట్టులో పదకొండేళ్ళు పనిచేసి పోయిన ఏడాది మానేశాను. అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఒక దినపత్రికకి వార్తలు రాశాను. పత్రికవాళ్ళు పేజీలు తగ్గించుకున్నప్పుడు నన్ను కూడా తగ్గించుకున్నారు. కొట్టు యజమాని పాత పరిచయస్థుడు. "కంప్యూటరు వచ్చు, కోపంగా ఉన్నవాళ్ళతో మాట్లాడడం అలవాటు. ఇంతకంటే ఏం కావాలండీ?" అని నన్ను రంగు కలిపే కౌంటరు వెనక నిలబెట్టాడు. ఇప్పుడు అలాంటి కౌంటర్లలో చేరుతున్న వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. మిషను ఎలా వాడాలో కంపెనీవాళ్ళు వచ్చి నేర్పుతారు. ఎప్పుడు వాడకూడదో వాళ్ళకీ తెలియదు కాబట్టి ఆ పాఠం ఉండదు.

పని చెప్పుకోవడానికి చాలా తేలిక. ఇంట్లో ఒక గోడకున్న రంగే ఇంకో గోడకి కావాలి. ఆ పాత రంగు డబ్బా ఎప్పుడో స్నానాల గదిలో నీళ్ళ బకెట్టు అయిపోయి ఉంటుంది, దాని పేరు ఎవరికీ గుర్తుండదు. గోడ మీంచి రూపాయి బిళ్ళంత పెచ్చు గీకి తెస్తే, టార్చిలైటంత పరికరం దానిమీద ఆనించి మీట నొక్కుతాం. అది ఒక్కసారి మెరుస్తుంది. తెల్ల రంగులో ఏ రంగు చుక్కలు ఎన్ని వెయ్యాలో కంప్యూటరు చెబుతుంది. ఒక మిషను ఆ చుక్కలు వేస్తుంది, ఇంకో మిషను డబ్బాని ఊపుతుంది. మధ్యలో మనిషి ఎందుకంటే, వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించడానికి.

అందరూ పెచ్చులే తెస్తారనుకోకండి. ఒకావిడ జాకెట్టు ముక్క తెచ్చింది. ఒకాయన మామిడితాండ్ర తెచ్చి, పని అయ్యాక అది నన్నే తినమన్నాడు. ఐ.పోలవరం నుంచి వచ్చిన రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన ఉడికించిన రొయ్యని టిఫిను డబ్బాలో తెచ్చి, హాలంతా అదే రంగు కావాలన్నాడు. కలిపి ఇచ్చాం. హాలు చూడడానికి రమ్మని రెండుసార్లు పిలిచాడు. వెళ్ళలేదు.

యజమానికి ఆ పరికరమంటే భక్తి. దసరాకి దానికి బొట్టు పెట్టి పూలు వేసేవాడు. "కన్ను అబద్ధం చెబుతుందండి, మిషను చెప్పదు" అని కొట్టు గడప తొక్కిన ప్రతివాళ్ళకీ వినిపించేవాడు. రోజూ విని నాకూ ఆ మాట పట్టుబడింది. పత్రికలో మా డెస్కు పెద్దమనిషి ఒకాయన ఏ వార్త పంపినా ఒకే ప్రశ్న వేసేవాడు: "ఇది నీకు ఎక్కడ దొరికింది?" ఇరవై ఏళ్ళు ఆ ప్రశ్నకి జవాబు చెప్పి చెప్పి విసిగినవాణ్ణి, కౌంటరు వెనక చేరాక ఒక్కరినీ అది అడగలేదు. జరిగిందంతా అందువల్లే జరిగింది.

రాజోలు వైపు ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి కట్టిన డాబాని నిలువునా రెండు వాటాలు చేసుకున్నారు. అన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. తమ్ముడు గల్ఫులో ఎలక్ట్రీషియను. మాస్టారు తన వాటాకి ఎనిమిదేళ్ళ క్రితమే మంచి మామిడిపండు రంగు వేయించుకున్నాడు. తమ్ముడి వాటా ఇటుకలు కనబడుతూ అలాగే ఉండిపోయింది. ఇద్దరికీ మాటలు లేవు. ఎందుకు లేవంటే చెరో కథ చెప్పేవారు. రెండు కథల్లోనూ వానాకాలం పొంగే ఒక తూము ఉండేది, అది ఎవరి వైపు పొంగిందన్నదే తేడా.

తల్లి ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఒక నెల ఈ వాటాలో పెద్దకోడలి దగ్గర, ఒక నెల ఆ వాటాలో చిన్నకోడలి దగ్గర భోంచేసేది. కొడుకులిద్దరి మధ్యా కబుర్లు మాత్రం మోసేది కాదు. "కావలిస్తే ఉత్తరాలు రాసుకోండి, నేను పోస్టుమేన్ని కాను" అనేదట.

ఆ ఏడాది తమ్ముడు మూడు నెలల సెలవు మీద వచ్చి తన వాటా పూర్తి చేయించాడు. తిరిగి వెళ్ళేలోగా ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన జరిపించుకోవాలి. తల్లి ఒక్కటే మాట అంది. ఆ ప్రార్థనలో ఇద్దరు కొడుకులూ పక్కపక్కన కూర్చోవాలి. అలా కాని పక్షంలో తానూ కూర్చోదు. పాస్టరుగారు ఈ వాటాకీ ఆ వాటాకీ చెప్పులరిగేలా తిరిగి మాస్టారిని ఒప్పించారు. మాస్టారు ఒక షరతు పెట్టాడు.

"మా నాన్నగారు ఒక్క ఇల్లు కట్టేరండి. గేటు దగ్గర నిలబడి చూస్తే ఒక్క ఇల్లులాగే కనబడాలి. నా రంగే వెయ్యాలి. పిసరు తేడా ఉన్నా నేను రానండి."

తమ్ముడు సరేనన్నాడు. ఏళ్ళ తరబడి తెగని వ్యవహారం తెగింది. మిగిలిందల్లా రంగు కలపడం. మా కొట్టులో అది చిటికెలో పని.

సోమవారం పొద్దున్న తమ్ముడు తన రంగుల మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. పెచ్చు మాస్టారే స్వయంగా గీకి, లెక్కల నోటు కాగితంలో పొట్లం కట్టి, పాస్టరుగారి చేతికిచ్చి పంపాడట. మేస్త్రీ అరవై దాటినవాడు, సున్నంలో నీలిమందు కలిపిన రోజుల నుంచీ గోడలు చూస్తున్నవాడు. పెచ్చుని వెలుతుర్లోకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఎక్కడిదండీ?" అన్నాడు.

"గోడదేనండి" అన్నాడు తమ్ముడు.

"గోడదేలెండి. గోడలో ఎక్కడిదని?"

నేను అందుకున్నాను. "మేస్త్రీగారూ, ఇది కన్ను కాదండి, మిషను. ఎక్కడిదైనా దానికొకటే."

"ఆయ్, దానికొకటేనండి" అన్నాడాయన. "గోడకే ఒకటి కాదు."

యజమాని నవ్వాడు. నేనూ నవ్వాను. మేస్త్రీ టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. నేను మీట నొక్కాను. డబ్బా సిద్ధమయ్యాక మూత మీద ఒక చుక్క రంగు పెట్టి, ఆరబెట్టి, పక్కన పెచ్చు పెట్టి చూపించాను. ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. తమ్ముడు ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

"నూటికి నూరండీ!" అన్నాడు.

"మిషనండి మరి" అన్నాను, నేనే దాన్ని కన్నట్టు.

గురువారానికి రంగు వెయ్యడం అయిపోయింది. శుక్రవారం పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు.

"మీరొకసారి రావాలండి. ఇక్కడ రెండిళ్ళు కనబడుతున్నాయి."

మిషన్ని సంచీలో పెట్టుకుని యజమాని బండి మీద వెళ్ళాను. గేటు దగ్గరే విషయం తెలిసిపోయింది. తమ్ముడి సగం పండిన మామిడిపండు. మాస్టారి సగం పాలు ఎక్కువై పొడి తక్కువైన టీ. మధ్యలో గీత గీసినట్టుంది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. మాస్టారు గొడుగు వేసుకుని గేటు పక్కన ఉన్నాడు. ఉద్యోగం మారినా ఆ ప్రాంతంలో నన్ను విలేకరిగారనే పిలిచేవారు.

"చూసేరా విలేకరిగారూ, గల్ఫు ఎలా మెరుస్తోందో! నా రంగు వెయ్యమన్నానండి. ఇదా నా రంగు? నా వాటా పాతదని పదిమందికీ చూపించడానికి కావాలని రంగు ఓ పిసరు ఎక్కించి వేయించేడు."

తమ్ముడు అన్నతో మాట్లాడడు కాబట్టి నావైపు తిరిగాడు. "ఆయనిచ్చిన పెచ్చేనని ఆయనకి చెప్పండి."

"నేనిచ్చిన పెచ్చు నా గోడదేనని అతనికి చెప్పండి" అన్నాడు మాస్టారు.

వాళ్ళిద్దరి మధ్యా దూరం మూడడుగులు. ఆ మూడడుగుల్లో నేను నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించాను. పాస్టరుగారికి ఆ పూట సెలవు దొరికింది.

అప్పుడు, నాలుగు రోజులు ఆలస్యంగా, ఆ ప్రశ్న నా నోట వచ్చింది. "మాస్టారూ, పెచ్చు ఎక్కడ గీకేరండీ?"

"కనబడేచోట గీక్కుని గోడ పాడుచేసుకుంటామా అండీ? బోర్డు వెనక."

మా వైపు చాలా క్రైస్తవుల ఇళ్ళకి గుమ్మం పక్కన బైబిలు వాక్యం రాసిన బోర్డు ఒకటి ఉంటుంది. వీళ్ళది తండ్రి చేయించిన టేకు బోర్డు, నిలువెత్తు కాకపోయినా కిటికీ తలుపంత ఉంటుంది. ఎనిమిదేళ్ళ క్రితం రంగు ఆరగానే తగిలించారు. అప్పట్నుంచీ దాన్నెవరూ కదపలేదు. దాని వెనకకి ఎండ పోలేదు, వాన పోలేదు. కోనసీమలో ఎండావానా పోని చోటు అదొక్కటే అయి ఉంటుంది, మాస్టారు సరిగ్గా అక్కడే గీకాడు. మర్యాదగల ఇంట్లో ఎవరైనా అక్కడే గీకుతారు. నేనైనా అంతే.

అక్కడితో ఆగి, మాస్టారిని పక్కకి పిలిచి చెవిలో చెప్పవలసింది. వయసు, అనుభవం రెండూ ఉన్నాయి, ఆ మాత్రం ఇంగితం ఉండాలి. కానీ చుట్టూ జనం ఉన్నారు, సంచీలో మిషను ఉంది, నాకు హెడ్డింగు దొరికింది. హెడ్డింగు దొరికిన విలేకరి చెవిలో చెప్పడు.

స్టూలు తెప్పించి ఎక్కి బోర్డు దించాను. గోడ మీద దాని మేర పండు మామిడి రంగు, అంచులు కత్తితో కోసినట్టు బయటపడింది. జనమంతా ఒక్కసారి "హ" అన్నారు. కళ్ళున్నవాళ్ళకి అది చాలు. నాకు చాల్లేదు. పరికరం తీసి బోర్డు వెనక చోట ఆనించి మెరిపించాను. తమ్ముడి గోడ మీద మెరిపించాను. ఒకటే అంకె. మాస్టారి గోడ మీద మెరిపించాను. వేరే అంకె. ముగ్గురు నలుగురికి దాని తెర మీది అంకెలు చూపించి, వార్తలు చదివే గొంతుతో ప్రకటించాను.

"మాస్టారూ, మిషను తప్పు లేదండి. మీ తమ్ముడి తప్పూ లేదు. ఇద్దరిదీ ఒకటే రంగు. వెలిసిపోయింది మీ గోడండి."

వెనక ఎవరో "ఎనిమిదేళ్ళాయె, వెలిసిపోదేటండీ మరి!" అన్నారు. ఇంకెవరో నవ్వారు.

మాస్టారు గొడుగు ముడిచాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు, విసురుగా కూడా కాదు, గడియ పడిన చప్పుడు మాత్రం వినబడింది. నేను బోర్డు మళ్ళీ తగిలించాను. ఒక పక్కకి వాలింది. సరిచేసే తీరిక లేదు, గెలిచాను కదా.

తల్లి తమ్ముడి అరుగు మీద కుర్చీలో కూర్చుని అంతా చూస్తోంది.

"ఏం బాబూ, అయిందా?" అంది.

"అయిందండి. మిషను కరెక్టేనని తేలిపోయింది."

"తేలింది కదా. ఆదివారం నాలుగింటికి ప్రార్థన. నా పెద్దకొడుకు కుర్చీలో మీ మిషన్ని కూర్చోబెట్టుకుంటాను. మరిచిపోకుండా పంపించండి."

ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆవిడ ఎదురుగా చేతులు కట్టుకుంటారని విన్నాను. నేను చదువుకోలేదు, అయినా కట్టుకున్నాను.

కొట్టుకి వచ్చేసరికి యజమానికి కబురు ముందే అందింది. "మన మిషను గెలిచిందటగా!" అని ఎదురొచ్చాడు. బోర్డు వెనక గోడ ఫోటో ఎవరో పంపితే, దాన్ని పెద్దది చేయించి కొట్టు ముందు కట్టిద్దామన్నాడు. పాత గోడ, కొత్త గోడ, మధ్యలో మా కొట్టు పేరు. వ్యాపారులకి దుఃఖం ఉండదని కాదు, ముందు ఫ్లెక్సీ కనబడుతుంది.

శనివారం షట్టరు ఎత్తుతూండగానే తమ్ముడు వచ్చాడు. మొహం చూస్తే రాత్రి నిద్ర ఉన్నట్టు లేదు.

"నా గోడ వెలిసిపోయేలా చేసివ్వండి" అన్నాడు.

యజమానికి అర్థం కాలేదు. ఆయన తల వెనకే 'ఎండకీ వానకీ చెక్కుచెదరని రంగులు' అని నిలువెడు అక్షరాల బోర్డు ఉంది. "వెలవడమేంటండీ? వెలవదనే కదండీ మేం అమ్మేది!"

"నాకు వెలవాలండి. అన్నయ్య గోడెంత వెలిసిందో అంత. రేపు నాలుగింటికల్లా."

"తప్పు మీది కాదని ఊరందరి ముందూ రుజువైందిగా" అన్నాను.

"రుజువు చేసేరండి, బాగానే చేసేరు. బోర్డు దించేరు చూడండి, అప్పుడు అన్నయ్య మొహం చూసేరా?"

నేను కౌంటరు మీదున్న డబ్బా మూత సర్దాను.

"చూళ్ళేదు. మీరు మిషను చూసుకుంటున్నారు. నేను చూసేనండి. మా నాన్న పోయిన రోజు కూడా అలా లేదు. తన గోడ ఇంకా ఆ రంగులోనే ఉందనుకుంటున్నాడండి మనిషి. రోజూ చూసేవాడికి ఏం తెలుస్తుంది? ఏళ్ళ తరవాత వచ్చిన నాకు వచ్చిన రోజే తెలిసింది. నేనే నోరు మూసుకున్నాను. మాటల్లేవు కదా, మంచిదైంది అనుకున్నాను. ఈలోగా మీరొచ్చేరు."

విలేకరిగా నన్ను చాలామంది తిట్టారు. ఇంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు.

మేస్త్రీని తీసుకుని వెళ్ళాం. మాస్టారి తలుపులు వేసే ఉన్నాయి. మాస్టారి గోడ మీద మూడు చోట్ల మిషను పెట్టి చూశాను. సన్‌షేడు కింద ఒక అంకె, ఛాతీ ఎత్తులో ఒకటి, వాన చిందే అడుగున ఇంకొకటి.

"ఇందులో మాస్టారి రంగు ఏదండీ?" అన్నాడు మేస్త్రీ.

"మూడూనండి."

"ఆయ్. సోమవారం అదే చెప్పబోయేను, మీరు నవ్వేరు." సంచీ నోరు తెరిచి పట్టుకున్నాడు. "దాన్ని ఇందులో పడుకోబెట్టండి. పాపం, నిన్న చాలా కష్టపడింది."

మిగిలిన మామిడి రంగులో తెలుపు పోశాడు, పిసరంత నలుపు, చిటికెడు మట్టిరంగు వేసి కర్రతో తిప్పాడు. తమ్ముడి గోడ మీద, మాస్టారి సగాన్ని ఆనుకునేలా అరచేతంత పూసి, గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసి, తల అడ్డంగా ఊపాడు. పచ్చి రంగు మోసం చేస్తుందని ఆరేదాకా ఆగేవాడు. మళ్ళీ కలపడం, మళ్ళీ గేటు.

"ఇంత దూరం దేనికండీ?" అన్నాను ఎండకి తట్టుకోలేక.

"మనుషులు గోడని ఇక్కణ్ణుంచే చూస్తారండి. ముక్కు ఆనించి చూసేది మీ మిషనొక్కటే."

నాకు అప్పగించిన పని గేటు దగ్గర నిలబడడం. పూసిన మచ్చ ఏదో, మాస్టారి గోడ ఏదో నేను చెప్పగలిగినంతసేపూ రంగు కుదరనట్టు. ఆరోసారి చెప్పలేకపోయాను. సన్‌షేడు కింద కొంచెం చిక్కన, అడుగున కొంచెం పల్చన చేసి, సాయంత్రానికి తమ్ముడి సగానికి ఎనిమిదేళ్ళ వయసు తెచ్చాడు. ఈలోగా మాస్టారి భార్య పెరటి దారిన వచ్చి, అందరికీ టీ ఇచ్చి వెళ్ళింది. మాస్టారి కిటికీ తెర రెండుసార్లు కదిలింది.

ఆదివారం నేనూ వెళ్ళాను. మిషన్ని తీసుకెళ్ళలేదు. వాకిట్లో షామియానా, కుర్చీలు నిండాయి. ముందు వరసలో తమ్ముడు, పక్కన ఖాళీ కుర్చీ. తల్లి కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోమని ఎంతమంది చెప్పినా కదల్లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. పాస్టరుగారు ఆరంభ కీర్తన పాడించి, మాస్టారి తలుపు వైపు చూసి, ఇంకోటి పాడించారు. మళ్ళీ చూసి, ఇంకోటి. అప్పటికి అందరికీ గొంతులు పోతున్నాయి.

మూడో పాట మధ్యలో గడియ తీసిన చప్పుడైంది. మాస్టారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో బయటికొచ్చాడు. కుర్చీ వైపు రాలేదు. తిన్నగా గేటు దాకా నడిచాడు. అక్కడ వెనక్కి తిరిగి ఇల్లంతా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూశాడు, పిల్లవాడు చేసిన లెక్కలో తప్పు వెతుకుతున్నట్టు. కీర్తన దానంతటదే ఆగిపోయింది. తమ్ముడు నేల చూస్తున్నాడు.

మాస్టారు మెల్లిగా నడిచొచ్చి తన గుమ్మం పక్క నేను వంకరగా తగిలించిన బోర్డు ముందు ఆగాడు. రెండు చేతులతో దించాడు. వెనక మామిడిపండు రంగు చోటు అలాగే ఉంది. ఇప్పుడు మొత్తం ఇంటికి కలవనిది అదొక్కటే.

"ఒరే" అన్నాడు, గోడనే చూస్తూ. "ఆ బ్రష్షు ఇలా తే."

ఆ వాకిట్లో ఒరే అనిపించుకోదగ్గ వయసువాళ్ళు పాతికమంది ఉన్నారు. లేచింది ఒక్కడే. చెప్పుల్లేకుండా పెరట్లోకి పరుగెత్తి, మేస్త్రీ మిగిల్చిన డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చాడు.

"చొక్కా పాడవుద్దన్నయ్యా. నేనేస్తాను."

"నా గోడ. నేనేసుకుంటాను. నువ్వు డబ్బా పట్టుకో."

పది పన్నెండుసార్లు బ్రష్షు పైకీ కిందకీ లాగాడు. నేను ఊరందరి ముందూ రుజువు చేసిన సత్యం పాలెక్కువైన టీ రంగు కిందకి పోయింది. తమ్ముడు డబ్బా పట్టుకుని అన్న మోచేతి పక్కనే నిలబడ్డాడు. వెనక వరసలో మేస్త్రీ మెడ సాచి, రంగు అంచు దాకా అందిందో లేదో చూశాడు.

మాస్టారు బ్రష్షు డబ్బాలో పెట్టి, గోడకి ఆనించిన బోర్డు ఎత్తుకుని, కుర్చీల మధ్య నుంచి నా దగ్గరికి వచ్చాడు.

"విలేకరిగారూ, మిషను తెచ్చేరా?"

"లేదండి మాస్టారూ."

"మంచి పని చేసేరు. అయితే ఇది పట్టుకోండి, గోడ ఆరేదాకా. దించింది మీరేగా."

చేతులు చాచి అందుకున్నాను. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చున్నారు. వాళ్ళిద్దరినీ ఒకసారి చూసి తల్లి కూడా కూర్చుంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల సంఘాలవాళ్ళకి తెలుసు, ఆయన ప్రార్థనలు పొట్టివి కావు. బోర్డు టేకుది.